కాళహస్తి దారిలో గ్రీకు రాకుమారి

ఆమె తాతముత్తాతలు ఐరోపాలో సగం దేశాలను ఏలారు. ఆమె అన్న గ్రీసుకు రాజు, అక్క స్పెయిన్‌కు రాణి. పదహారు నెలల పాటు ఆమే ఒక సింహాసనానికి వారసురాలు. ఆ రాకుమారి ఇరవై నాలుగేళ్ల వయసులో తల్లి వెంట మన శ్రీకాళహస్తికి వచ్చింది. గుడి చూసి పోవడానికి కాదు, ఒక సన్యాసితో మాట్లాడటానికి!

1966 డిసెంబర్. రాహుకేతు పూజల కోసం దేశం నలుమూలల నుంచీ జనం బస్సుల్లో వచ్చి పడే కాళహస్తి కాదది. స్వర్ణముఖి ఒడ్డున, కొండల నడుమ ఒదిగి ఉన్న చిన్న ఊరు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం అప్పటికి ఠీవిగా నిలబడే ఉంది (అది 2010 మేలో కూలింది. ఇప్పుడు మనం చూస్తున్నది కొత్తది). ఆ ఊళ్లో కంచి కామకోటి పీఠాధిపతి చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు మకాం చేసి ఉన్నారు. భక్తులు 'పరమాచార్య' అని పిలుచుకునే స్వామి. ఆయన దర్శనానికి రోజూ వచ్చే జనంలో అప్పుడు ఇద్దరు విదేశీ స్త్రీలు కనిపించారు.

ఒకరు గ్రీసు రాజమాత ఫ్రెడెరికా. వయసు నలభై తొమ్మిది. రెండో వ్యక్తి ఆమె చిన్న కూతురు ఐరీన్.

గ్రీసు ఎక్కడ, చిత్తూరు జిల్లా ఎక్కడ! (కాళహస్తి అప్పుడు చిత్తూరు జిల్లాలోదే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.) అలెగ్జాండర్ సింధునది దాటి కాస్త దూరం వచ్చి వెనక్కి తిరిగాడని బడిలో చదువుకున్నాం. ఆయన సైన్యం చేరలేని చోటికి ఈ తల్లీకూతుళ్లు ఎందుకొచ్చారు?

ఆ సంగతి తెలియాలంటే కథను పాతికేళ్లు వెనక్కి తిప్పాలి.

శాంతి అని పేరు పెట్టారు

1941 ఏప్రిల్‌లో హిట్లర్ సేనలు గ్రీసు మీద పడ్డాయి. రాజకుటుంబం ముందు క్రీట్ దీవికి, అక్కణ్నుంచి ఈజిప్టుకు పారిపోయింది. యువరాజు పాల్ భార్య ఫ్రెడెరికా ఇద్దరు చంటిపిల్లలను వెంటబెట్టుకుని ఇంకా దూరం, దక్షిణాఫ్రికా దాకా వెళ్లింది. పెద్దపిల్ల సోఫియాకు అప్పటికి రెండున్నరేళ్లు. కొడుకు కాన్‌స్టంటైన్‌కు ఏడాది. మూడో బిడ్డ 1942 మే 11న కేప్‌టౌన్‌లో పుట్టింది. ప్రపంచమంతా తగలబడుతున్న రోజులవి. ఆ బిడ్డకు ఐరీన్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు అర్థం 'శాంతి'. దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్ జ్ఞానపితగా నిలబడ్డాడు. గాంధీజీని జైల్లో పెట్టిన స్మట్సే. ఆ జైల్లో గాంధీజీ స్వయంగా కుట్టిన చెప్పులను కానుకగా అందుకున్న స్మట్స్ కూడా ఆయనే!

రాకుమారి అంటే పుట్టగానే బంగారు ఊయల అనుకుంటాం కదా... ఐరీన్ మాత్రం నాలుగేళ్లు వచ్చేదాకా తన దేశం మొహమే చూడలేదు. 1946 సెప్టెంబర్‌లో గ్రీకు ప్రజలు ఓటు వేసి రాజును వెనక్కి పిలిచాకే ఈ కుటుంబం ఏథెన్స్ చేరింది. ఆ మరుసటేడే పెదనాన్న రెండో జార్జి చనిపోవడంతో నాన్న పాల్ రాజయ్యాడు. అక్కడ అప్పుడు అంతర్యుద్ధం. కమ్యూనిస్టులకూ సర్కారు సైన్యానికీ మధ్య 1949 దాకా నెత్తురు పారింది.

పిల్లలు మాత్రం ఏథెన్స్ శివార్లలోని టాటోయ్ ఎస్టేట్‌లో పెరిగారు. అడవి, గుర్రాలు, కుక్కలు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ చుట్టుపక్కల పురాతత్వ తవ్వకాల్లో మట్టి తవ్వి, దొరికిన కుండపెంకుల మీద రాత పని కూడా చేశారు. అన్నయ్యకు పడవ పందేల పిచ్చి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకమే కొట్టాడు. ఐరీన్‌కు పియానో అంటే ప్రాణం. గ్రీసులో ఆనాటి మేటి విద్వాంసురాలు జీనా బకావర్ దగ్గర శిష్యరికం చేసింది. కచేరీలు ఇచ్చే స్థాయికి చేరింది. ముగ్గురిలో నిదానస్తురాలు, తన లోకంలో తానుండే మనిషి అని పేరు. తర్వాత్తర్వాత స్పెయిన్‌లో అక్క పిల్లలు ఆమెను 'పెకూ పిన్ని' అని పిలిచేవారు. 'పెక్యూలియర్' అన్న మాటకు ముద్దుపేరు అది. మన భాషలో చెప్పాలంటే, 'అదో రకం పిన్ని' అన్నమాట!

కిరీటాలు రాలే వంశం

ఈ వంశవృక్షం చూస్తే రాజరికం మీద మోజు ఉన్నవాళ్లకు కూడా కాస్త బెరుకు పుడుతుంది.

గ్రీసుకు రాజులు గ్రీకులు కారు. 1863లో డెన్మార్క్ నుంచి ఒక పదిహేడేళ్ల కుర్రాణ్ని తెచ్చి సింహాసనం ఎక్కించారు. అతనే మొదటి జార్జి, ఐరీన్‌కు ముత్తాత. అందుకే ఆ ఇంటివాళ్ల బిరుదుల్లో 'గ్రీసు, డెన్మార్క్' అని రెండు దేశాలుంటాయి. యాభై ఏళ్లు ఏలాడు. 1913లో థెస్సలోనికీ వీధిలో నడిచి వెళ్తుంటే కాల్చి చంపారు. కొడుకు కాన్‌స్టంటైన్‌ను 1917లో గద్దె దింపారు, 1920లో తెచ్చారు, 1922లో మళ్లీ దింపారు. మధ్యలో రాజైన అలెగ్జాండర్‌ది మరీ విచిత్రం. తోటలో కోతి కరిచి, పుండు చెడి, ఇరవై ఏడేళ్లకే పోయాడు. అలిపిరి మెట్ల మీద కోతుల చేతికి అరటిపళ్లు అందించే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవడం మంచిది! ఆ అలెగ్జాండర్ ఐరీన్ నాన్నకు స్వయానా అన్న.

1922లో కుటుంబంలో ఒక శాఖ ఓడెక్కి పారిపోతున్నప్పుడు ఏడాదిన్నర పసివాణ్ని పండ్ల పెట్టెతో చేసిన తొట్టిలో పడుకోబెట్టి తీసుకెళ్లారు. ఆ పసివాడే ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్. ఐరీన్ నాన్నకు పినతండ్రి కొడుకు.

ఇక తల్లి వైపు? ఫ్రెడెరికా జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్‌కు కూతురి కూతురు. 1917లో పుట్టింది. ఆమెకు ఏడాదిన్నర వయసప్పుడు, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడిపోయి తాత చక్రవర్తి పదవీ పోయింది, తండ్రి బ్రన్స్‌విక్ జమీ పోయింది. ఒకే నెలలో రెండూ!

ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు 'ఏదీ శాశ్వతం కాదు' అని వేరే ఎవరో చెప్పాలా?

అమ్మ మీద అన్ని రాళ్లు ఎందుకు?

ఫ్రెడెరికా గురించి గ్రీసులో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. అంతర్యుద్ధంలో దిక్కులేని పిల్లల కోసం ఊరూరా శిబిరాలు పెట్టించి, విరాళాలు పోగేసి, సైనికుల మధ్యకు తానే వెళ్లిన రాణి అని ఒకటి. రాజ్యాంగం గీసిన గీత దాటి ప్రతి దాంట్లో వేలు పెట్టిన రాణి అని రెండోది. రెండూ అబద్ధం కాదు.

జర్మనీ అమ్మాయి కావడం, చిన్నప్పుడు హిట్లర్ బాలికా దళంలో ఉండటం శత్రువులకు ఆయుధమైంది. 1962లో పెద్ద కూతురు సోఫియాకు స్పెయిన్ యువకుడు హువాన్ కార్లోస్‌తో పెళ్లి చేశారు. అప్పుడు గొడవ దేని మీదో తెలుసా? కట్నం మీద! పెళ్లికూతురి కట్నం ప్రభుత్వ ఖజానా నుంచి ఇస్తూ పార్లమెంటు తీర్మానం చేసింది. పేద దేశంలో జనం సొమ్ముతో రాజుగారి బిడ్డకు కట్నమా అని ప్రతిపక్షం దుమ్మెత్తిపోసింది. కూతురి కట్నానికి పొలం అమ్ముకున్న తండ్రులు ఊరికో పదిమంది ఉండే మన సీమలో ఆ కోపం అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

1963లో లండన్‌లో వామపక్ష ఆందోళనకారులు ఆమెను వీధిలో వెంటపడి తరిమారు. తిరిగి లండన్ పర్యటనకు వెళ్లొద్దని ప్రధాని కరమన్లీస్ చెబితే రాజభవనం వినలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఆ మే నెలలోనే శాంతి ఉద్యమ నాయకుడు లంబ్రాకిస్‌ను థెస్సలోనికీలో కొట్టి చంపారు. 'జెడ్' సినిమా కథ ఇదే. రాజరికం మీద జనానికి మిగిలిన నమ్మకం ఆ ఏడాదితో చాలావరకు కరిగిపోయింది.

1964 మార్చి 6న పాల్ రాజు కేన్సర్‌తో కన్నుమూశాడు. ఇరవై మూడేళ్ల కాన్‌స్టంటైన్ రాజయ్యాడు. అతనికింకా పెళ్లి కాలేదు. పెద్దక్క పెళ్లి చేసుకుంటూ వారసత్వ హక్కు వదులుకుంది. ఇక మిగిలింది ఎవరు? ఇరవై ఒక్కేళ్ల పియానో పిల్ల!

అలా ఐరీన్ గ్రీసు సింహాసనానికి వారసురాలైంది. అన్నకు ఏమైనా అయితే రాణి ఆమే. ఇంట్లోనే దానికి అభ్యంతరం లేచింది. నాన్నకు పినతండ్రి కొడుకైన ప్రిన్స్ పీటర్, ఆడపిల్లను ముందు పెట్టడం చెల్లదు, వారసుణ్ని నేనే అని బహిరంగంగా వాదించాడు. 1952 రాజ్యాంగమే ఆడపిల్లలకు హక్కు ఇచ్చింది, ఆయన మాత్రం ఒప్పుకోలేదు. 1965 జులై 10న అన్నకు ఆడపిల్ల పుట్టింది. ఐరీన్ వారసత్వం ఆ రోజుతో సరి. ఆమె దాని కోసం బాధపడినట్టు ఎక్కడా కనిపించదు. సరిగ్గా అయిదు రోజులకు, జులై 15న, అన్న ప్రధాని పాపండ్రూతో తగువు పడి ఆయన్ను సాగనంపాడు. తెర వెనక తల్లే ఉందని ఊరంతా అన్నారు. గ్రీసు రాజకీయం అప్పుడు పట్టాలు తప్పింది, మళ్లీ పట్టాలెక్కడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

అణువు నుంచి అద్వైతానికి

భర్త పోయాక ఫ్రెడెరికా పుస్తకాల్లో పడింది. ఆమెకు మొదటి నుంచీ భౌతికశాస్త్రమంటే మక్కువ. 1958లో అమెరికా వెళ్లినప్పుడు రాణులు చూసే నగల దుకాణాలు కాదు, అణు పరిశోధన కేంద్రాలు చూసి వచ్చింది. పదార్థం లోపలికి పోయేకొద్దీ గట్టిగా పట్టుకోవడానికి ఏమీ మిగలదని, అంతా శక్తి కదలికే అని ఆధునిక భౌతికశాస్త్రం చెబుతోంది. మరి ఈ కనిపించే ప్రపంచం ఏమిటి? చూసేదెవరు? ఈ ప్రశ్న ఆమెను శంకరాచార్యుల దగ్గరకు నడిపించింది. ఉన్నది ఒక్కటే, రెండోది లేదు అన్న అద్వైతం తాను వెతుకుతున్న దానికి దగ్గరగా కనిపించింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. విజ్ఞానశాస్త్రం చెప్పేదీ వేదాంతం చెప్పేదీ ఒకటేనని తేల్చేయడం మనవాళ్లకు మహా ఇష్టం. రెండింటి దారులు వేరు, రుజువుల పద్ధతి వేరు. భౌతికశాస్త్రం అద్వైతాన్ని నిరూపించిందని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. కానీ ఒక మనిషి ఒక ప్రశ్న పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచిందంటే, ఆ నడక నిజం.

మద్రాసు విశ్వవిద్యాలయంలో అప్పుడు డాక్టర్ టి.ఎం.పి.మహదేవన్ ఉండేవారు. అద్వైతం మీద దేశంలోనే పేరున్న ఆచార్యుడు, పరమాచార్యకు భక్తుడు. అక్కడి తత్త్వశాస్త్ర ఉన్నత అధ్యయన కేంద్రానికి ఆయనే అధిపతి. తర్వాతి కాలంలో ఆ కేంద్రానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టారు. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, చిన్నప్పటి చదువు తిరుపతి మిషన్ స్కూల్లో. 1966 డిసెంబర్‌లో ఆయన రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు!

పరమాచార్య దగ్గరకు విదేశీయులు రావడం అప్పటికే కొత్త కాదు. 1931లో చెంగల్పట్టులో పాల్ బ్రంటన్ అనే ఆంగ్ల పాత్రికేయుడు కలిస్తే, అరుణాచలం వెళ్లి రమణ మహర్షిని చూడమని పంపింది ఈయనే. 1959లో రచయిత ఆర్థర్ కోస్లర్ వచ్చాడు. వచ్చిన వాళ్లకు స్వామి నివాసం చూసి ఆశ్చర్యం వేసేది. పెద్ద పీఠానికి అధిపతి. 1907లో పదమూడేళ్లకే పీఠమెక్కారు. కానీ ఎక్కడికైనా కాలినడకే. మకాం తరచు ఏ పాకలోనో, చెట్టు కిందో, కోనేటి గట్టునో. ఆయన కన్నడ మాట్లాడే కుటుంబంలో పుట్టి, తమిళనాట పెరిగి, తెలుగు కూడా చక్కగా మాట్లాడేవారు. వచ్చినవాళ్ల మతం మార్చమని అడగరు. ఎవరి మతంలో వాళ్లు నిజాయతీగా ఉంటే చాలనేవారు. ఫ్రెడెరికా, ఐరీన్ కూడా చివరిదాకా గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులే.

మరో విచిత్రం చూడండి. రాజుల కొలువంటే రోసి, వాళ్ల గడప తొక్కడం కంటే శివుడి వాకిట పడి ఉండటమే మేలని శతకం మొత్తం మొత్తుకున్న ధూర్జటి కవిది ఈ కాళహస్తే. ఆ ఊరికే ఒక రాణి తన కొలువు చాలించుకుని వచ్చింది.

ఇంకో సంగతి. జాతకం వేయించుకోవడానికి కాళహస్తి వచ్చేవాళ్లు పలికే 'హోర', 'కేంద్రం' అనే మాటలు గ్రీకు భాష నుంచి సంస్కృతంలోకి వచ్చినవే. ఆ జ్యోతిష గ్రంథాల్లో ఒకదాని పేరే 'యవనజాతకం'. గ్రీకులు మనకు జాతకచక్రం ఇచ్చారు. రెండు వేల ఏళ్ల తర్వాత వాళ్ల రాణి మన దగ్గరికి వేదాంతం కోసం వచ్చింది. బాకీ తీరినట్టే!

ఏడాది తిరిగేసరికి

కాళహస్తి నుంచి వెళ్లిన నాలుగు నెలలకు, 1967 ఏప్రిల్ 21 తెల్లవారుజామున ఏథెన్స్ వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి. కొందరు కల్నల్‌లు అధికారం లాక్కున్నారు. రాజు ఆగి ఆగి డిసెంబర్ 13న ఎదురు తిరగబోయాడు. తల్లి, భార్య, పిల్లలు, చెల్లెలు ఐరీన్... అందరినీ విమానంలో ఎక్కించుకుని ఉత్తరాన కవాలాకు వెళ్లాడు. విధేయ సేనలతో థెస్సలోనికీ పట్టుకోవాలన్నది ఎత్తు. చీకటి పడేసరికి ఎత్తు చిత్తయింది. నమ్మిన జనరళ్లను వాళ్ల కింది అధికారులే పట్టి బంధించారు. 14వ తేదీ తెల్లవారకముందే విమానం రోమ్‌లో దిగింది.

కాళహస్తిలో స్వామి ఎదుట కూర్చున్న డిసెంబర్‌కూ, రోమ్‌లో దిక్కుతోచక దిగిన డిసెంబర్‌కూ మధ్య ఒక్కటే ఏడాది.

1973లో సైనిక ప్రభుత్వం రాజరికాన్ని రద్దు చేసింది. సైనికులు పోయి ప్రజాస్వామ్యం వచ్చాక 1974 డిసెంబర్ 8న మళ్లీ ఓటు పెట్టారు. నూటికి దాదాపు అరవై తొమ్మిది మంది రాజు వద్దన్నారు. ప్రచారం చేసుకోవడానికి కూడా కాన్‌స్టంటైన్‌ను దేశంలోకి రానివ్వలేదు.

అప్పుడు తల్లీకూతుళ్లు ఏ ఊరు చేరుకున్నారు? మద్రాసు! ఇది నాకు ఈ కథలో అన్నింటికంటే ఇష్టమైన మలుపు. లండన్, పారిస్, రోమ్... చుట్టాల రాజభవనాలు ఎన్ని లేవు! అవన్నీ వదిలి మద్రాసు ఉక్కలో అద్వైత పాఠాలు చదువుకోవడానికి వచ్చారు. 1970లలో ఏళ్ల తరబడి అక్కడే గడిపారు. ఐరీన్ కూడా తల్లితో పాటు వేదాంతం చదువుకుంది. ఫ్రెడెరికా అప్పటికే 1971లో తన జీవితకథ అచ్చువేసింది.

మద్రాసుకు చెన్నపట్నం అనే పేరు ఎక్కడిదో మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. చంద్రగిరి రాజుల ఏలుబడిలో 1639లో ఆంగ్లేయులకు ఆ నేల ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. తండ్రి చెన్నప్ప పేరు ఊరికి పెట్టించాడు. ఈ దామెర్ల వారి తర్వాతి తరాలే కాళహస్తి సంస్థానం. రాకుమారి తలదాచుకున్న పట్నం పేరు కూడా ఇటు నుంచి వెళ్లిందే!

రాజ్యం పోయిన రాకుమార్తెలు తెలుగు నేలకు రావడం అదే మొదలూ కాదు. 1924లో టర్కీ నుంచి వెళ్లగొట్టిన ఆఖరి ఖలీఫా కూతురు దుర్రుషెవార్, ఆయన బంధువుల పిల్ల నీలోఫర్ 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ పట్నంలో నిజాం కొడుకులను పెళ్లాడి హైదరాబాద్ వచ్చారు. నీలోఫర్ ఆసుపత్రి పేరు వినని తెలుగు తల్లి ఉండదు. కాకపోతే వాళ్లు కోడళ్లుగా వచ్చారు. వీళ్లు విద్యార్థులుగా వచ్చారు.

ఆ ఇంటివాళ్లకు ఇండియా గాలి

అద్వైతం చదివింది వీళ్లిద్దరే కావచ్చు గానీ ఆ వంశంలో మన దేశం వైపు మనసు పడ్డవాళ్లు ఇంకా ఉన్నారు.

వారసత్వం కోసం పేచీ పెట్టిన ప్రిన్స్ పీటర్ నిజానికి మంచి మానవశాస్త్రవేత్త. నీలగిరుల్లో తోడా తెగ మధ్య తిరిగి, ఒక స్త్రీకి పలువురు భర్తలుండే ఆచారం మీద పరిశోధన చేసి 1963లో పెద్ద పుస్తకం వేశాడు. ద్రౌపదమ్మ గుడి, మహాభారత ఉత్సవం లేని ఊరు అరుదైన మన చిత్తూరు జిల్లాకు వచ్చి ఉంటే ఆయనకు ఇంకో అధ్యాయం దొరికేది. కలింపాంగ్‌లో ఏడేళ్లు ఉన్నాడు. రాజు అనుమతి లేకుండా ఒక రష్యన్ యువతిని పెళ్లి చేసుకుని సింహాసనం హక్కు పోగొట్టుకున్నాడు. 1939లో జరిగిన ఆ పెళ్లి ఎక్కడో తెలుసా? అదీ మద్రాసులోనే!

ఫిలిప్ తల్లి, రాకుమారి ఆలిస్ పుట్టు చెవుడు. నాజీల కాలంలో ఏథెన్స్‌లో ఒక యూదు కుటుంబాన్ని తన ఇంట్లో దాచి కాపాడింది. తర్వాత సన్యాసినుల దుస్తులు కట్టింది. ఆమెకు భారతీయ తత్త్వం మీద ఉన్న ఆసక్తి చూసి రాజకుమారి అమృత్‌కౌర్ ఆహ్వానిస్తే 1960లో ఢిల్లీ వచ్చింది. ఒంట్లో బాగాలేక మధ్యలోనే వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఆవులు, పియానో, ఒక పాస్‌పోర్టు

1981 ఫిబ్రవరి 6న ఫ్రెడెరికా మాడ్రిడ్‌లో హఠాత్తుగా కన్నుమూసింది. అక్కడికి పెద్ద కూతురు సోఫియా దగ్గరికి వచ్చి ఉంది. హువాన్ కార్లోస్ 1975లో స్పెయిన్ రాజయ్యాడు, అంటే సోఫియా రాణి. కంటి రెప్పకు చిన్న శస్త్రచికిత్స. గుండె ఆగిపోయింది. వయసు అరవై మూడు.

ఆమెను టాటోయ్‌లో భర్త పక్కన పూడ్చాలి. కానీ టాటోయ్ గ్రీసులో ఉంది. చాలా తర్జనభర్జనల తర్వాత గ్రీకు ప్రభుత్వం ఒప్పుకొంది. ఒక షరతు మీద: అంత్యక్రియలు అయిన వెంటనే వెళ్లిపోవాలి. పదమూడేళ్లు ఆ దేశంలో అడుగుపెట్టని కొడుకు, ఫిబ్రవరి 12న కొద్ది గంటల కోసం వచ్చి, తల్లిని మట్టిలో పెట్టి, అదే రోజు విమానం ఎక్కేశాడు. ఆ తల్లి చేసిన రాజకీయాలు నచ్చనివాళ్లకు కూడా ఆ కొద్ది గంటల సంగతి చదివితే మనసు కలుక్కుమంటుంది. చావు ఇంటికి వచ్చినవాణ్ని కర్మ అయ్యేదాకా ఉండనివ్వడం మన పల్లెల్లో పగవాడికి కూడా ఇచ్చే మర్యాద.

తల్లి పోయాక ఐరీన్ మద్రాసుకు తిరిగి వెళ్లలేదు. అక్క దగ్గరే, మాడ్రిడ్ శివార్లలోని జార్జుయేలా రాజభవనంలో ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఆడంబరం లేదు. కెమెరాలకు దూరం. 1986లో 'ముందో ఎన్ అర్మోనియా' అని ఒక సేవాసంస్థ పెట్టింది. 'సామరస్యంలో ప్రపంచం' అని అర్థం. తన పేరును అలా మోసింది.

ఆ సంస్థ చేసిన పనుల్లో ఒకటి వింటే మన పాడిరైతులు నవ్వుకుంటారు. ఐరోపాలో అప్పుడు పాలు మిగిలిపోయి, వెన్న గుట్టలు పేరుకుపోయి, 1984లో పాల మీద కోటాలు పెట్టారు. ఎక్కువైన ఆవులను కబేళాకు తోలుతున్నారు. ఐరీన్‌కు మద్రాసు గుర్తొచ్చింది. చంపేకన్నా ఆవును తల్లిగా చూసే దేశానికి పంపితే పోదా అనుకుంది. పట్టుబట్టి కొన్ని ఆవులను భారతదేశానికి పంపించింది. పశువైద్యులు దీన్ని మెచ్చుకోకపోవచ్చు. చలిదేశపు ఆవుకు మన ఎండ, మన ఈగ, మన గడ్డి సరిపడవు. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులను సాకుతున్న పలమనేరు, మదనపల్లె రైతును అడగండి, వేసవిలో వాటికి చేసే సేవ ఎంతో చెబుతాడు. మూడడుగుల మన పుంగనూరు ఆవైతే ఏ ఎండకూ చలించదు. లెక్క ప్రకారం చూస్తే అది తెలివైన పథకం కాకపోవచ్చు. రాకుమారికి లెక్కలకంటే ముందు ఆ ఆవుల కళ్లు కనిపించాయి, అంతే.

1994లో గ్రీసు చట్టం చేసి మాజీ రాజకుటుంబం ఆస్తులు తీసేసుకుంది. పౌరసత్వమూ తొలగించింది. అన్నా, చెల్లెలూ, మేనత్త క్యాథరిన్ కలిసి ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి ఎక్కారు. రాజ్యం అడగలేదు, టాటోయ్ తదితర ఆస్తులు అడిగారు. 2000 నవంబర్‌లో కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2002లో పరిహారం తేల్చింది. అన్నకు కోటీ ఇరవై లక్షల యూరోలు, ఐరీన్‌కు తొమ్మిది లక్షలు, మేనత్తకు మూడు లక్షలు. అడిగినదాంతో పోలిస్తే చాలా తక్కువ. భూమి మాత్రం గ్రీసుకే ఉండిపోయింది. కాన్‌స్టంటైన్ ఎట్టకేలకు 2013లో సొంత దేశంలో కాపురం పెట్టాడు. 2023 జనవరి 10న ఏథెన్స్‌లోనే చనిపోయాడు. ఈసారి ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు. టాటోయ్‌లో తల్లిదండ్రుల దగ్గరే పూడ్చారు.

ఐరీన్ సంగతి? కేప్‌టౌన్‌లో పుట్టి, అలెగ్జాండ్రియాలో మాటలు నేర్చి, ఏథెన్స్‌లో పియానో వాయించి, కాళహస్తిలో స్వామిని చూసి, రోమ్‌లో నిర్వాసితురాలై, మద్రాసులో వేదాంతం చదివిన మనిషికి పాస్‌పోర్టు మీద రాసుకోవడానికి ఒక దేశం కావలసి వచ్చింది. 2018 మార్చిలో స్పెయిన్ మంత్రివర్గం ఆమెకు తమ పౌరసత్వం ఇచ్చింది. అప్పటికామెకు డెబ్బై అయిదేళ్లు.